అయస్కాంతం పట్టిన మనిషి

ఫిబ్రవరి 10, 2003. సోమవారం

రెబ్కాను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. గుంటూరులో బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎడమ భుజం కదపకూడదన్నారు. దారంతా ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరి బిడ్డనో మోస్తున్నట్టు కూర్చుంది.

గుండెని నడిపే పెట్టెను మెడ ఎముక కింద, ఎడమ పక్కన పెట్టారు. చర్మం ఉబ్బెత్తుగా ఉంది. అగ్గిపెట్టె అంత. అందులో బ్యాటరీ ఉందట. గుండె కొట్టుకోవడం మరిచిపోయినప్పుడల్లా అది గుర్తు చేస్తుందట. నర్సు జాస్మిన్ అలా చెప్పింది. మంచి పిల్ల. వచ్చేముందు జాగ్రత్తలు కూడా చెప్పింది. బరువులెత్తొద్దు. చెయ్యి తలపైకి లేపొద్దు. వెల్డింగ్ జరిగేచోట నిలబడొద్దు. అయస్కాంతాల దగ్గరికి అసలు పోవద్దు.

"అయస్కాంతాలు మా ఇంట్లో ఎక్కడుంటాయమ్మా," అని రెబ్కా నవ్వింది.

నేను నవ్వలేదు.

నా మంచం వసారాలో వేసుకున్నాను. లోపల ఉక్కగా ఉంది.

ఫిబ్రవరి 11

"ఫిబ్రవరిలో ఉక్కేందయ్యా," అంది పొద్దున్నే.

మిల్లుకి వేళయిందని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 13

కారం మిల్లులో కొత్త సరుకు. ఇవాళ ఇనుము ఏరే అయస్కాంతం మీద చాలా పడింది. గోతాలు కుట్టే దబ్బనం ముక్కలు, మేకులు, తీగ ముక్కలు, లారీది కాబోలు ఒక నట్టు. వీటికి అంటుకుని ఇనుప రజను, దాని మీద ఎర్రగా కారం. మిరపకాయల్లో ఇంత ఇనుము ఉంటుందని బయటివాళ్ళకి చెప్తే నమ్మరు. పోయినేడాది మిల్లు ఓనరు అంకమ్మరావు గారు ఈ కొత్త అయస్కాంతం తెప్పించినప్పటి నుంచి దాన్ని శుభ్రం చేసే పని నాదే. పాతది బొమ్మ. ఇది అలా కాదు. గోకే రేకుని చేతిలోంచి లాక్కుంటుంది. ఒకసారి నా బొటనవేలు రేకుకీ దానికీ మధ్య పడి గోరు నల్లబడింది.

అది బిగించాకే నా చేతి గడియారం తొందరపడటం మొదలెట్టింది. ఎంత తిప్పినా ముందుకే పోతుంది. ప్రత్తిపాడు సెంటర్లో గడియారాలు బాగుచేసే అతను మూత తీసి చూసి, "అయస్కాంతం పట్టింది పెద్దాయనా," అన్నాడు.

అప్పుడు ఆ మాట మీద ధ్యాస పెట్టలేదు.

గడియారానికి పడితే, అది పెట్టుకున్న చేతికి పట్టదా?

మిషన్ బడిలో ఐదో తరగతిలో మేస్టారు సూదిని అయస్కాంతం మీద ఒకే వైపుకి రుద్ది చూపించారు. రుద్ది రుద్ది పక్కన పెట్టాక ఆ సూదే గుండుసూదిని లేపింది. నేను ఏడాదిగా రోజూ రుద్దుకుంటున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రార్థన అయ్యాక గుడి నుంచి ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. రెబ్కా చీర పక్కకి జరిపి పెట్టె చూపించింది. ఒకామె వేలితో ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. అందరూ నవ్వారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

మాత్రలు చేతికి ఇవ్వడం లేదు. కిటికీ గట్టు మీద పెట్టి, "అక్కడ పెట్టాను," అంటున్నాను. అన్నం కంచం కూడా అంతే. పెట్టి పక్కకి జరుగుతాను.

రెబ్కా లేచి వచ్చి తీసుకుంటుంది.

ఫిబ్రవరి 20

పని అయ్యాక వేపపుల్లతో గోళ్ళు శుభ్రం చేసుకుంటున్నాను. రజను ఎక్కడెక్కడో ఇరుక్కుంటుంది. చొక్కా బయటే విప్పి తీగ మీద వేస్తున్నాను. తాళాలగుత్తి, కత్తెర, చిన్న సుత్తి మిల్లులోనే వదిలేస్తున్నాను. ఇంతకుముందు ఇంటికి తెచ్చేవాణ్ణి.

జనవరిలో ఆ రోజు గురించి రాయను.

మార్చి 3

గుండుసూదిని అరచేతికి ఆనించి చూశాను. అంటుకోలేదు. మోచేతికి, ఛాతీకి కూడా చూశాను. అంటుకోలేదు.

సూదికి తెలిసేంత ఉండక్కర్లేదేమో. ఆ పెట్టె సూదికంటే సున్నితం కదా.

మార్చి 8, శనివారం

గౌస్ బాషా కొట్టుకి వెళ్ళాను. టీవీలు, రేడియోలు బాగుచేస్తాడు. గడియారాల అతనే పంపాడు, అయస్కాంతం వదిలించే తీగచుట్ట అతని దగ్గర లేదట.

గౌస్ బాషా నా గడియారాన్ని ఆ తీగచుట్ట మధ్యలో పెట్టి, మీట నొక్కి, మెల్లగా బయటికి లాగాడు. "పో, వదిలింది," అన్నాడు.

"మనిషికి పడితే?" అన్నాను.

"ఏంది?"

"మనిషికి అయస్కాంతం పడితే ఇందులో పెట్టొచ్చా?"

అతను నవ్వి నవ్వి స్టూలు మీద కూర్చున్నాడు. "ఒరేయ్ రంజాన్, ఇటు రారా, ఈ పెద్దాయన్ని తీగచుట్టలో దూర్చాలంట," అని పక్క కొట్టు వైపు కేకేశాడు. రేకు పని చేసే రంజాన్ తొంగి చూసి అతనూ నవ్వాడు. "మనిషికి పట్టదు పెద్దాయనా. మనిషిలో ఇనుమెంత? ఒక మేక్కి కూడా చాలదు," అన్నాడు గౌస్ బాషా.

అతను టీవీల మనిషి. మనుషుల సంగతి అతనికెలా తెలుస్తుంది.

అయినా అక్కడే నిలబడ్డాను. జాలి పడ్డాడో ఏమో, ఒకటి చూపించాడు. నడుస్తున్న టీవీ ముందు స్పీకరులోది ఒక గుండ్రటి అయస్కాంతం పట్టుకున్నాడు. దూరంగానే పట్టుకున్నాడు. వార్తలు చదివే అమ్మాయి ముఖం ఒక పక్క పచ్చగా, ఒక పక్క ఊదాగా అయిపోయింది. చూళ్ళేకపోయాను. తర్వాత బల్ల కింద నుంచి బూడిద రంగు గొట్టం ఒకటి తీసి మధ్యలో అడ్డం పెట్టాడు. ముఖం మామూలుగా అయింది.

"ఇంజనీరింగ్ కాలేజీ పాత సామాను వేలంలో కొన్నా. తెర మీద కరెంటు గీతలు చూపించే పెట్టె ఉంటదిలే, దాని గాజు గొట్టం చుట్టూ ఇది తొడిగి ఉంటది. మామూలు ఇనుము కాదు ఇది. నికెల్ ఎక్కువ, ఇనుము తక్కువ, ఇంకేవో కలిపి చేస్తారు. అయస్కాంతం లాగుడంతా దీంట్లోకి దూరి, దీంట్లోంచే చుట్టూ తిరిగి పోతది. లోపలున్నదాన్ని ముట్టుకోదు. మీరు కాలవ నీళ్ళని చేలోకి రాకుండా పక్క బోదెలోకి తిప్పరూ? అట్టాగ."

"నాకిస్తావా?"

"ఎందుకూ?"

చెప్పలేదు. చెప్తే రంజాన్‌ని మళ్ళీ పిలుస్తాడు.

"మిల్లుకి," అన్నాను.

"మిల్లుకా. సరే తీసుకో. నా దగ్గర ఊరికే పడుంది."

బస్సులో చొక్కా కింద పెట్టుకుని తెచ్చాను. తేలిగ్గా ఉంది. చల్లగా ఉంది.

మార్చి 10, సోమవారం

గొట్టంగా ఉంటే ఏం చేసుకోను. పొద్దున రంజాన్ దగ్గరికి తీసుకెళ్ళాను. నిలువునా కోసి, చెక్క సుత్తితో కొట్టి చదును చేశాడు. అంచులు మళ్ళీ ఇనుప సుత్తితో కొట్టాడు. మొండిదిరా ఇది, అన్నాడు. బాగా వచ్చింది. పీట అంత పలక.

మా గది మిల్లు గోడకి ఆనుకునే ఉంది. గోడకి అవతల అయస్కాంతం. ఇవతల రెబ్కా తలగడ. పలకని మధ్యలో మేకులతో కొట్టాను.

"ఏందయ్యా అది?"

"తేమకి."

"మనింట్లో తేమెక్కడిది?"

"వానాకాలం వస్తుందిగా."



మార్చి 11

మనసు కాస్త కుదుటపడింది. ఇవాళ గుమ్మం దాకా వెళ్ళి నిలబడి మాట్లాడాను. తినిందా, మాత్ర వేసుకుందా అని. గోడ సంగతి అయింది. ఇక నా సంగతే.

మార్చి 16, ఆదివారం

మిల్లులో తొడిమలు తీసే ఆడవాళ్ళతో వెంకటరావమ్మ ఉంటుంది. నోరు ఊరుకోదు. నీళ్ళ పంపు దగ్గర అందరిలో రెబ్కాని అడిగింది, "ఏమే, మీ ఆయన వసారాలో కాపలా బాగా కాస్తున్నాడే. నీకా, వసారాకా?"

"నా గుండెకి బ్యాటరీ పెట్టారు కదా. దొంగలెత్తుకుపోతారని," అంది రెబ్కా.

అందరూ నవ్వారు. రెబ్కా కూడా నవ్వింది. బిందె ఎత్తబోయి, ఎత్తకూడదని గుర్తొచ్చి, అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. నేను తర్వాత వెళ్ళి బిందె తెచ్చి గుమ్మంలో పెట్టాను.

మార్చి 17

"నా ఒంట్లో ఇనుము పెట్టారని రోతా నీకు?"

ఇలా అడుగుతుందని అనుకోలేదు. కాదు అన్నాను. అంతే అన్నాను. ఇంకా అనాల్సింది ఉంది. నేను దగ్గరికొస్తే నీ పెట్టె ఆగిపోతుందని అనాలి. ఆ మాట ఆమెతో అంటే, ఆమె నన్ను చూసినప్పుడల్లా భయపడుతుంది. నన్ను చూసి భయపడేకంటే కోప్పడటమే మేలు.

ఈ ఆలోచన సరైందే. రెండుసార్లు ఆలోచించాను.

మార్చి 22, శనివారం

గౌస్ బాషా మిల్లుకొచ్చాడు, అంకమ్మరావు గారి ఆఫీసులో టీవీ బాగుచేయడానికి. పోతూ పోతూ, "ఆ గొట్టం ఎక్కడ బిగించావు పెద్దాయనా?" అన్నాడు. రెబ్కా గుడికి వెళ్ళింది. లోపలికి తీసుకెళ్ళి గోడ చూపించాను.

అతను పలక మీద గోటితో గీకాడు. "ఇదేంది?"

"అదే. రంజాన్ చదును చేశాడు."

"కొట్టించావా? సుత్తితోనా?" తల పట్టుకున్నాడు. "అయ్యో, దీన్ని కొట్టకూడదు పెద్దాయనా. తయారుచేశాక ఒక రకం కొలిమిలో, గాలి తగలకుండా, బాగా కాల్చి మెల్లగా చల్లారుస్తారు. అప్పుడొస్తది దానికి ఆ గుణం. ఆ తర్వాత ఒక్క దెబ్బ తగిలినా, వంచినా, ఆఖరికి కింద పడినా పోతది. ఇప్పుడిది ఉత్త రేకు."

"మళ్ళీ రాదా?"

"మళ్ళీ ఆ కొలిమిలో పెట్టాలి. మన దగ్గర ఎక్కడిది?"

"నువ్వు చెప్పలేదుగా."

"నువ్వు అడగలేదుగా! మిల్లుకి అన్నావు." తలగడ చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. రెబ్కా సంగతి ఊరందరికీ తెలుసు. గొంతు తగ్గించాడు. "పిన్నిగారికా? ఇంకోటి చెప్తా విను. అది బాగున్నా సరే, మీ మిల్లు అయస్కాంతానికి ఆగేది కాదు. చిన్న చిన్నవాటికే ఇది. పెద్దదానికి నిండిపోతది, గుడ్డ నీళ్ళు పీల్చి పీల్చి ఇక పీల్చలేనట్టు. అయినా ఇంత గోడ అడ్డం ఉందిగా, నీ అయస్కాంతం జానెడు దాటి ఏం చేస్తది? ఆ పెట్టె చేసినవాళ్ళు దాని జాగ్రత్తలు అందులోనే పెట్టి ఉంటారు. డాక్టరు గార్ని అడుగు."

అడుగుతానన్నాను.

పలక తియ్యలేదు. తీస్తే ఎందుకు తీశావంటుంది.

మార్చి 29

అడగలేదు. ఫోను చేయాలంటే ఆఫీసులోంచి చేయాలి. అంకమ్మరావు గారు వింటారు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

గుడిలో ఆడవాళ్ళ వైపు చూశాను. రెబ్కా తెల్ల చీర కట్టుకుంది. చిక్కింది. భుజం మీద ఎముక కనపడుతోంది, దాని పక్కన పెట్టె. ఏడుస్తోంది. అందరూ ఏడుస్తున్నారు, ఈ రోజు ఏడవాల్సిందే. ఆమె ఏడుపు వేరుగా వినిపించింది.

ఏప్రిల్ 27

ఏమీ లేదు.

మే 19

ఎండలు మండిపోతున్నాయి. ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళు పోయారు. మిల్లులో గాలి పీలిస్తే కారం ముక్కులోంచి తలకెక్కుతోంది. మధ్యాహ్నాలు మిల్లు ఆపేస్తున్నారు.

మే 21

ఇవాళ రెబ్కా తన మంచం బయటికి తెచ్చుకుంది. ఒక్కతే ఈడ్చుకొచ్చింది, కుడి చేత్తో. నా మంచం పక్కన వేసింది. మధ్యలో కుండ పెట్టేంత జాగా ఉంది.

"ఇప్పుడు నిజంగానే ఉక్కగా ఉందయ్యా లోపల," అంది. నవ్వుతూనే అంది.

ఆ పక్కనే కూర్చుని కాసేపు విసనకర్రతో విసురుకుంది. నాకూ విసిరింది. గాలి బాగుంది. నేను లేచి, మంచం ఎత్తుకుని, మిల్లు ఆవరణలో లారీలు నిలిపే రేకుల షెడ్డు కిందికి వెళ్ళిపోయాను.

వెనక్కి చూడలేదు. విసనకర్ర చప్పుడు ఆగింది.

మే 22

షెడ్డు కింద ఇంకా వేడి. రేకులు.

జూన్ 4, బుధవారం

గుంటూరు. పెట్టె పరీక్షకి. ఈరోజుది మొత్తం రాయాలి.

జాస్మిన్ గుర్తుపట్టింది. "తాతయ్యా, అమ్మమ్మ ఇంత చిక్కిందేంటి, సరిగ్గా తిననివ్వట్లేదా?" అంది. రెబ్కా నా వంక చూడకుండా, "ఆయన ఇంట్లోకే రాడమ్మా," అంది. ఆ పిల్ల హాస్యమనుకుంది.

లోపల డాక్టరు గారు రెబ్కాని బల్ల మీద పడుకోబెట్టారు. ఛాతీకి తీగలు అంటించారు. పక్కనున్న మిషను నుంచి కాగితం మీద గీతలు వస్తున్నాయి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, బల్లకి దూరంగా. డాక్టరు గారు సొరుగు లాగి ఒకటి తీశారు. గారె ఆకారం. నల్లగా ఉంది. బల్ల ఇనుప కాలికి తగిలి ఠక్కున అతుక్కుంటే లాగి తీశారు. నాకు చప్పున తెలిసింది అదేమిటో.

దాన్ని తీసుకెళ్ళి రెబ్కా ఛాతీ మీద, పెట్టె మీద, పెట్టబోయారు.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు తెలియదు. జాస్మిన్ తర్వాత చెప్పింది, వరండాలో కూర్చున్నవాళ్ళందరూ లేచారట. డాక్టరు గారి మణికట్టు పట్టుకున్నాను. చదువుకున్న మనిషిని, దొరలాంటి మనిషిని, చెయ్యి పట్టుకుని లాగాను. అయస్కాంతం కింద పడింది.

"ఏంటయ్యా ఇది! వదులు!"

"చచ్చిపోద్దండీ! అయస్కాంతమండీ అది! చచ్చిపోద్ది!"

రెబ్కా బల్ల మీదే లేచి కూర్చుంది, తీగలతో సహా. నేను ఇంత గొంతుతో మాట్లాడటం పెళ్ళైన దగ్గర్నుంచి ఆమె వినలేదు.

డాక్టరు గారు మంచివారు. కోపం తగ్గాక కూర్చోమన్నారు. ఇది పరీక్ష అన్నారు. అయస్కాంతం పైన పెడితే పెట్టె ఆగదు, గుండెని చూడటం మానేసి ఒకే వేగంతో కొడుతూ పోతుంది, ఆ వేగాన్ని బట్టి బ్యాటరీ ఎంత మిగిలిందో తెలుస్తుంది, తీసెయ్యగానే మామూలుగా అవుతుంది అన్నారు. నాకు చూపిస్తూ పెట్టారు. కాగితం మీద గీతలు దగ్గర దగ్గరగా, ఒకే కొలతతో వచ్చాయి. రెబ్కా నన్నే చూస్తోంది. తీశారు. గీతలు ఎడంగా అయ్యాయి.

"మిల్లులో అయస్కాంతం శుభ్రం చేస్తానండి. ఏడాదిపైగా. నాకు పట్టింది. నేను దగ్గరికి పోతే..."

"నీకు పట్టడమేంటి?" ఈసారి డాక్టరు గారు నవ్వు ఆపుకున్నారు. "నువ్వు ఇనుప సూదివి కాదు. ఆ పెట్టెకి లోహపు తొడుగుంది, లోపల దానికి కావలసిన రక్షణంతా ఉంది. ఆవిడ ఆ మిల్లు అయస్కాంతాన్ని రొమ్ముకి హత్తుకోకుండా ఉంటే చాలు. నిన్ను హత్తుకుంటే ఏం కాదు."

జాస్మిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను తల దించుకున్నాను.

బస్సులో చాలా దూరం వచ్చాక రెబ్కా అంది, "ఇదా?"

"ఊఁ."

"ఫిబ్రవరి నుంచీ?"

"ఊఁ."

"ఆ రేకు?"

"దానికే."

కిటికీలోంచి పత్తి కట్టె ఏరుతున్న వాళ్ళని చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత నవ్వింది. "సచ్చినోడా. ఆ మాట నాతో అంటే నీ నోటి ముత్యాలు రాలతాయా?" అని నా మోకాలి మీద చెయ్యేసింది. ఇల్లు వచ్చేదాకా తియ్యలేదు.

జూన్ 5

నా మంచం షెడ్డు కింద నుంచి తనే తెచ్చి లోపల వేసింది. దుప్పటి కూడా మార్చింది.

నాకు దగ్గు వచ్చేట్టుంది. ఆమెకి అంటుకుంటే మంచిది కాదు. ఇంకా ఒంట్లో బలం రాలేదు. మంచం వసారాలోకి తెచ్చుకున్నాను. ఒకటి రెండు రోజులు.

జూన్ 6

దగ్గు రాలేదు. రావచ్చు.

జూన్ 8, ఆదివారం

గుడి నుంచి వచ్చాక గుమ్మంలో నిలబడి అంది. గొంతు పెంచలేదు.

"అయస్కాంతం కాదయ్యా."

నేను చెప్పులు విప్పుతున్నాను.

"ఆ జనవరిలో నా చెయ్యి నీ చేతిలోనే చల్లబడింది. నీ పక్కనే పడి ఉన్నా. నేను పోయాననుకున్నావు. మళ్ళీ అట్టా నీ పక్కన పోతానని నీ భయం. ఇంకో గదిలో ఉంటే పొద్దున ఎవరో వచ్చి చెప్తారని. అంతేగా?"

చెప్పులు విప్పాను. మళ్ళీ తొడుక్కున్నాను.

"చెప్పు, కాదని."

వీధిలోకి నడిచాను. ఇప్పుడు, కాదని రాయాలనే కలం పట్టుకున్నాను.

జూన్ 9, సోమవారం

రెబ్కా వాడరేవు వెళ్ళింది. చెల్లెలు సలోమి దగ్గరికి. సలోమి మొగుడు ప్రభు అక్కడ గుడి చూసుకుంటాడు, సలోమి ఎండుచేపలు అమ్ముతుంది. నేను మిల్లులో ఉండగా వెళ్ళింది. వెంకటరావమ్మ చెప్పింది. హాస్యం ఆడకుండా చెప్పింది.

జూన్ 12

వాన పడింది. మొదటి వాన. గోడ తడవలేదు.

జూన్ 22, ఆదివారం

వాడరేవు వెళ్ళాను. చీరాలలో దిగి ఆటోలో. ఇసకలో చేపలు ఆరబోసి ఉన్నాయి. కాకులు. రెబ్కా తాటాకు పందిరి కింద కూర్చుని ఒక కర్రతో కాకుల్ని అదిలిస్తోంది. కాస్త ఒళ్ళు చేసింది. నన్ను చూసి కర్ర కింద పెట్టలేదు.

"వచ్చావా. తిన్నావా?"

సలోమి చేపల పులుసు పెట్టింది. "బావా, బక్కెట్లో నీళ్ళున్నాయి, కాళ్ళు కడుక్కుని కాసేపు నడుం వాల్చు. లోపల చాప వేశా," అంది. ఒకటే గది. రెబ్కా చాప, పక్కన నాకు చాప. ప్రభు బయటికెళ్ళాడు.

నా చాప చుట్టుకుని బయటికొచ్చాను. ఒడ్డున ఒక పడవ బోర్లించి ఉంది. దాని నీడలో పరుచుకుని పడుకున్నాను. లోపల పడుకోకూడదని అనుకోలేదు. కాళ్ళు అటు వెళ్ళాయి. పడుకున్నాకే తెలిసింది.

ఎండ తగ్గాక లేచి వచ్చేసరికి రెబ్కా సలోమితో అంటోంది, "చూశావుగా. ఇక్కడ అయస్కాంతం లేదు, మిల్లు లేదు." నన్ను చూసి ఆపలేదు. "నేను ఆ గదికి రాను. నువ్వు రాగలిగితే ఇక్కడికి రా. పడవ కిందికైతే రావద్దు."

బస్సుకి వేళయిందన్నాను.

జూన్ 29

వచ్చే ఆదివారం వెళ్తాను.

జూలై 6

సరుకు ఎక్కువ ఉంది. వచ్చే ఆదివారం.

జూలై 13

వాన.

జూలై 21, సోమవారం

అంకమ్మరావు గారితో చెప్పాను, మానేస్తానని. "ఏరా తోమా, ముసలితనంలో అలిగావా? ఆ అయస్కాంతం ఎవడు గీకుతాడు?" అన్నారు. ఎవరో ఒకరు గీకుతారండి అన్నాను. గది ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యాలి.

ఆగస్టు 3, ఆదివారం

వాడరేవు. వచ్చాను. సామాను ఒక మూటే.  సలోమి చాప చూపించింది. ప్రభు గుడి వరండాలో పడుకుంటానన్నాడు. నేను లోపల పడుకున్నాను. గోడ వైపుకి తిరిగి. నిద్ర పట్టలేదు.

ఆగస్టు 7

లోపలే.

ఆగస్టు 12, మంగళవారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునుకు తీశారు. ఈగలు. సముద్రం మీంచి గాలి. రెబ్కా వెల్లకిలా పడుకుని ఉంది, కళ్ళు మూసుకుని. ఎడమ చెయ్యి నా వైపు ఉంది. చాలాసేపు చూశాను. జరిగాను. మణికట్టు పట్టుకున్నాను, మెల్లగా, వేళ్ళతో.

వెచ్చగా ఉంది. కొట్టుకుంటోంది. పాత రెబ్కా గుండె ఇలా ఉండేది కాదు, కోపమొస్తే పరుగెత్తేది, నేను ఆలస్యంగా వస్తే పరుగెత్తేది. ఇది ఒకే తీరుగా పోతోంది.

చెప్పాలనుకున్నాను. ఇన్నాళ్ళదీ. జనవరిదీ. మాటలు పేర్చుకున్నాను కూడా.

కళ్ళు తెరవకుండానే అంది, "లెక్కపెడుతున్నావా?"

"లేదు."

"ఆగిందేమోననా?"

నేను మణికట్టు వదల్లేదు. అనాల్సింది అప్పుడే.

కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నేను నోరు తెరుస్తానని కాబోలు.

"ఆగదులే. పడుకో," అని చెయ్యి తీసుకుని, అటు తిరిగి పడుకుంది.